లోతు భూకంపాలకు నేల ఎంత కదులుతుంది? కొలత, మోడలింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇండోనేషియా కింద, ఫిజీ కింద ఆరు వందల కిలోమీటర్ల లోతున భూకంపం అని వార్త వచ్చినప్పుడల్లా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థులు, సైన్సు టీచర్లు, కాలేజీ ల్యాబుల వాళ్ళు అవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే వాటిని ఒకచోట పెట్టాం. పని సాగే వరుసలో విభాగాలు చేశాం. ఏ ప్రశ్నకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, కావలసిన చోటికి నేరుగా వెళ్ళవచ్చు.

## మొదలుపెట్టే ముందు

లోతు భూకంపం అంటే ఎంత లోతు? యాభై అరవై కిలోమీటర్లు లోతు కాదా?

కాదు. 70 కిలోమీటర్ల లోపువన్నీ లోతు తక్కువ భూకంపాలే. 70 నుంచి 300 దాకా మధ్యస్థ లోతు, 300 నుంచి దాదాపు 700 దాకా లోతు భూకంపాలు. 700 దాటాక భూకంపాలు దాదాపు ఉండవు. ఇంత లోతున కూడా భూకంపాలు పుడతాయని 1928లో జపాన్ శాస్త్రవేత్త కియూ వదాతి గట్టి ఆధారాలతో చూపించాడు. వార్తల్లో 10 లేదా 33 కిలోమీటర్లని గుండ్రంగా లోతు ఇస్తే నమ్మకండి. లోతు తేలనప్పుడు లెక్క కోసం పెట్టుకునే అంకెలు అవి.

అంత లోతున రాయి వేడికి మెత్తబడి ఉంటుంది కదా, విరగడం ఎలా?

మాంటిల్ (భూపటలం కింది మందపాటి రాతి పొర) మొత్తం విరగదు. సముద్రపు అడుగు పలక కిందికి దిగుతూ తన చల్లదనాన్ని వందల కిలోమీటర్ల లోతుకు తీసుకెళ్తుంది. భూకంపాలు పుట్టేది ఆ చల్లటి పలకలోనే. మధ్యస్థ లోతులో, ఖనిజాల్లో బంధించి ఉన్న నీరు విడుదలవడం ఒక ముఖ్య కారణం. ఇంకా లోతున, 410 కిలోమీటర్ల దగ్గరే రూపం మారాల్సిన ఆలివిన్ ఖనిజం చల్లదనం వల్ల మారకుండా మిగిలిపోయి, తర్వాత ఒక్కసారిగా మారుతూ పగులుకు దారి ఇస్తుందన్నది ఒక ప్రధాన వివరణ. జారే పొర తన రాపిడి వేడికే మెత్తబడి ఇంకా వేగంగా జారుతుందన్నది మరొకటి.

మన జిల్లాల కింద ఇలాంటివి వస్తాయా?

రావు. లోతు భూకంపానికి కిందికి దిగే పలక కావాలి. తూర్పు కనుమల కింద అది లేదు. ఇక్కడ ఉన్నది ఖోండలైట్, చార్నొకైట్ రాళ్ళ పాత గట్టి నేల. 1917 ఏప్రిల్‌లో విజయనగరం ప్రాంతంలో సుమారు 5.5 మాగ్నిట్యూడ్ భూకంపం నమోదైంది, అది భూపటలంలో వచ్చిందే. భూకంప భద్రతకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 1893 (2016) పటంలో రెండు జిల్లాలూ రెండో జోన్‌లో ఉన్నాయి. మధ్యస్థ లోతు భూకంపాలకు మనకు దగ్గరివి మయన్మార్ వైపు, దాదాపు 1,200 కిలోమీటర్ల దూరంలో. తర్వాత హిందూకుష్, దాదాపు 2,400 కిలోమీటర్లు. నిజమైన లోతు భూకంపాలు కావాలంటే ఇండోనేషియాలోని ఫ్లోరెస్ సముద్రం వైపు చూడాలి. అది 5,000 కిలోమీటర్ల పైమాటే.

2014 మే 21 రాత్రి మా ఇంట్లో మంచాలు ఊగాయి. అది లోతు భూకంపమేనా?

నిర్వచనం ప్రకారం కాదు. అది బంగాళాఖాతంలో, ఒడిశా తీరానికి దూరంగా, దాదాపు 50 కిలోమీటర్ల లోతున వచ్చిన 6 మాగ్నిట్యూడ్ భూకంపం. మామూలు తీర భూకంపాల కన్నా లోతే గాని 70 దాటలేదు. మన తీరంలో, చెన్నై దాకా కూడా జనానికి తెలియడానికి కారణం పాత గట్టి రాయి. తరంగ శక్తిని అది తక్కువగా పీల్చుకుంటుంది. దానిపైన వంశధార, నాగావళి ఒండ్రు ఉన్న చోట ఊపు ఇంకా పెరుగుతుంది.

సరే, లోతు భూకంపానికి నేల ఎంత జరుగుతుంది? ఒక అంకె చెప్పండి.

రెండు కదలికలను విడదీయాలి. తరంగం వెళ్తున్నప్పుడు నేల ఊగి మళ్ళీ తన చోటికి వస్తుంది. ఊపు ఆగాక కూడా మిగిలిపోయే మార్పు శాశ్వత జరుగుబాటు.

శాశ్వత జరుగుబాటుకు చేతిలెక్క ఇది. భూకంప మొమెంట్‌ను (భూకంపం పరిమాణాన్ని తెలిపే రాశి), నాలుగు రెట్ల పై (π), రాతి దృఢతా గుణకం, దూరం వర్గం ఈ మూడింటి లబ్ధంతో భాగించండి. మొమెంట్ కావాలంటే మాగ్నిట్యూడ్‌ను 1.5తో గుణించి 9.1 కలిపి, వచ్చిన దాన్ని 10కి ఘాతంగా పెట్టండి, న్యూటన్-మీటర్లలో వస్తుంది. 8.3 మాగ్నిట్యూడ్‌కు 3.5 × 10²¹. లోతు 600 కిలోమీటర్లు, దృఢత 120 గిగాపాస్కల్ అనుకుంటే సరిగ్గా పైన ఉన్న నేల మీద 6 నుంచి 7 మిల్లీమీటర్లు వస్తుంది. 2013 మే 24న ఒఖోత్స్క్ సముద్రం కింద దాదాపు 600 కిలోమీటర్ల లోతున వచ్చిన 8.3 భూకంపానికి కమ్చట్కా వైపు జీపీఎస్ స్టేషన్లు సెంటీమీటరు స్థాయి జరుగుబాటు చూపాయి. చేతిలెక్క ఆ స్థాయికి చేరుస్తుంది, అంతకు మించి దాన్ని అడగకూడదు.

ఇదే లెక్క 7.0 మాగ్నిట్యూడ్‌కు వేస్తే మిల్లీమీటరులో పదో వంతు కూడా రాదు. 7.9కి ఒకటిన్నర మిల్లీమీటరు దాటుతుంది. కాబట్టి 600 కిలోమీటర్ల లోతున 7.5 లోపు భూకంపానికి శాశ్వత జరుగుబాటు వెతకడం వృథా శ్రమ.

శ్రీకాకుళంలో పెట్టిన జీపీఎస్‌కి ఇండోనేషియా భూకంపం తెలుస్తుందా?

శాశ్వత జరుగుబాటు తెలియదు. 1996 జూన్ 17 ఫ్లోరెస్ సముద్రం భూకంపం (7.9, లోతు సుమారు 590 కిలోమీటర్లు) తీసుకుంటే, 5,100 కిలోమీటర్ల దూరానికి లెక్క మిల్లీమీటరులో యాభయ్యో వంతు వస్తుంది. ఏ జీపీఎస్ దాన్ని చూడలేదు. ఇక్కడి నుంచి కొలవగలిగింది తరంగాన్ని, దానికి సీస్మోమీటరు కావాలి. శాశ్వత జరుగుబాటు మీద పని చేయాలంటే భూకంపం పైన ఉన్న దేశాల స్టేషన్ల డేటాను ఇంట్లో కూర్చుని తెచ్చుకోవాలి. ఈ రెండు పనులూ విజయనగరం నుంచి చక్కగా చేయవచ్చు. రెంటినీ ఒకటే అనుకుని పరికరాలు కొంటేనే డబ్బు పోతుంది.

## పరికరం, చోటు

మొబైల్ ఫోన్‌లో సెన్సారు ఉంది కదా, చాలదా?

చాలదు. దూరపు లోతు భూకంపం పి తరంగం (అన్నిటికన్నా ముందు వచ్చేది) ఒక సెకను కాలంతో, రెండు మైక్రాన్ల ఎత్తుతో వచ్చిందనుకోండి. దాని త్వరణం గురుత్వంలో కోటికి ఎనభై వంతులు. ఫోన్ సెన్సారు సొంత రొదే దానికి పది రెట్ల స్థాయిలో ఉంటుంది. దగ్గరి భూకంపపు గట్టి ఊపుకే ఫోను పనికొస్తుంది.

చిన్న బడ్జెట్‌కు జియోఫోన్ (నేల కదిలే వేగాన్ని పట్టే సెన్సారు) ఉన్న రాస్‌బెర్రీ షేక్ లాంటి పరికరం సరిపోతుంది. అందులో 4.5 హెర్ట్జ్ జియోఫోన్ స్పందనను ఎలక్ట్రానిక్స్‌తో అర హెర్ట్జ్ దరిదాపులకు పొడిగించారు, సెకనుకు వంద నమూనాలు తీస్తుంది. పి తరంగం రాక, దాని వెనకొచ్చి లోతును తెలిపే తరంగం కనిపిస్తాయి. పూర్తి తరంగ రూపం, పి తర్వాత వచ్చే ఎస్ తరంగపు పొడవాటి కాలాలు, మోడల్‌తో పోలిక కావాలంటే 120 సెకన్ల కాలం దాకా పట్టే బ్రాడ్‌బ్యాండ్ సీస్మోమీటరు, 24 బిట్ డిజిటైజరు తప్పవు. వాటి ఖర్చు లక్షల్లో ఉంటుంది. రెండో రకం కొనే ముందు మొదటి రకంతో ఒక వర్షాకాలం గడపండి. చోటు మంచిదో కాదో అదే చెప్పేస్తుంది.

ఎక్కడ పెట్టాలి? కాలేజీ మేడ మీద గది ఖాళీగా ఉంది.

మేడ మీద వద్దు. భవనం తన సొంత లయలో ఊగుతుంది, మీరు కొలిచేది భవనాన్ని. నేల మీద, వీలైతే చార్నొకైట్ గాని గట్టి ఖోండలైట్ గాని బయటికి తేలిన చోట పెట్టండి. ఖోండలైట్ పైపొర చాలాచోట్ల మట్టిలా శిథిలమై ఉంటుంది. గడ్డపార దిగిపోతుంటే అది రాయి కింద లెక్క కాదు, ఇంకా తవ్వాలి.

దూరంగా ఉంచాల్సినవి: హౌరా-చెన్నై రైలు మార్గం, పదహారో నంబరు జాతీయ రహదారి, రైసు మిల్లులు, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలు, బోరు మోటార్లు. రైలు పట్టాలకు కనీసం రెండు మూడు కిలోమీటర్లు దూరం పాటించండి. తీరంలో చాలామంది మరిచిపోయేది కొబ్బరి చెట్లు. గాలికి కాండం ఊగితే వేళ్ళు నేలను తోస్తాయి, సీస్మోమీటరులో అది నెమ్మది ఊపుగా పడుతుంది. ఉద్దానంలో పెట్టేటప్పుడు తోట మధ్యలో కాక ఖాళీ చోటు చూడండి.

నిర్మాణం ఇలా. మీటరు లోతు గొయ్యి తవ్వి, రాయిని తీగ బ్రష్‌తో శుభ్రం చేసి, ఇనుప చువ్వలు లేని కాంక్రీటు దిమ్మ (60 సెంటీమీటర్లు × 60 సెంటీమీటర్లు) రాతికి అతుక్కునేలా పోయండి. గొయ్యి గోడలకు దిమ్మ తగలకూడదు, చుట్టూ ఐదు సెంటీమీటర్ల సందు వదలండి. గోడ మీద పడే గాలి ఒత్తిడి ఆ సందు దగ్గరే ఆగిపోవాలి. కాంక్రీటు ఆరుతూ కొన్ని వారాలు ఒరుగుతూనే ఉంటుంది, ఆ కాలపు పొడవాటి తరంగాలను నమ్మవద్దు. సెన్సారు మీద ఐదు సెంటీమీటర్ల మందం థర్మోకోల్ పెట్టె బోర్లించి అంచులు మూసేయండి. ఉష్ణోగ్రత మార్పు, పెట్టె లోపలి గాలి కదలిక రెండూ వంద సెకన్ల కాలపు రొదను పెంచుతాయి. ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబడతాయి కాబట్టి సిలికోన్ గ్రీజు రాయండి, సిలికా జెల్ సంచి పెట్టండి. చీమలు, చెదలు థర్మోకోల్‌ను తొలుస్తాయి. మూడు నెలలకొకసారి తెరిచి చూడాలి, తెరిచిన తేదీ పుస్తకంలో రాయాలి.

ఉత్తర దిక్కు దిక్సూచితో పెట్టేస్తే సరిపోతుందా?

మన దగ్గర అయస్కాంత ఉత్తరానికి, నిజ ఉత్తరానికి తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు, అది అదృష్టమే. ఇబ్బంది వేరే ఉంది. గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు ఖనిజంలో అయస్కాంత ఖనిజాలు కలిసి ఉంటాయి. అక్కడా, కాంక్రీటు చువ్వల దగ్గరా ముల్లు డిగ్రీలకు డిగ్రీలు తప్పిపోతుంది. బయట వంద మీటర్ల దూరంలో రెండు బిందువులకు జీపీఎస్ కోఆర్డినేట్లు తీసుకుని గీత గీయండి. ఆ గీతను తాడుతో గొయ్యిలోకి దించండి. చేతి జీపీఎస్ తప్పు మూడు మీటర్లుంటే వంద మీటర్ల మీద రెండు డిగ్రీలవుతుంది. సర్వే పరికరంతో తీస్తే ఆ బాధ లేదు.

తుఫానుకు కరెంటు పోతే రికార్డు పోతుందా?

పోతుంది. 2018 అక్టోబరు తిత్లీ తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఐదు వాట్ల పరికరానికి రోజుకు 120 వాట్-గంటలు కావాలి. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం దాకానే వాడితే ఐదు రోజులు వస్తుంది. 100 వాట్ల సోలార్ పలక కలపండి. 50 వాట్లది ఎండాకాలం చాలుతుంది గాని శ్రావణ మాసపు ముసురులో చాలదు. పిడుగుకు వేరే ఎర్తింగ్, యాంటెన్నా తీగకు సర్జ్ నిరోధకం తప్పనిసరి.

గడియారం ఇంటర్నెట్ నుంచి తీసుకుంటే తప్పు వస్తుందా?

బ్రాడ్‌బ్యాండ్ లైను మీద తప్పు సెకనులో వందో వంతుల్లో ఉంటుంది, దూర భూకంపానికి పరవాలేదు. మొబైల్ డేటా మీద, నెట్ పోయి వచ్చినప్పుడు ఇంకా పెరుగుతుంది. జీపీఎస్ యాంటెన్నా పెట్టుకుంటే ఈ ప్రశ్నే లేదు. ఎక్కువగా జరిగే తప్పు మరొకటుంది. జీపీఎస్ కాలం ప్రపంచ ప్రామాణిక కాలం కన్నా 18 సెకన్లు ముందుంటుంది. సెకనుకొకటి తీసిన జీపీఎస్ స్థానాలను సీస్మోమీటరు రికార్డుతో కలిపేటప్పుడు ఆ 18 తీసేయకపోతే రెండూ ఎప్పటికీ అతకవు. మన గడియారానికీ ప్రామాణిక కాలానికీ ఐదున్నర గంటల తేడా అందరికీ గుర్తుంటుంది, ఈ 18 సెకన్లే గుర్తుండవు.

## రికార్డు చదవడం

రికార్డు నిండా అలలే ఉన్నాయి. భూకంపం ఏది?

అవి సముద్రపు అలలే. బంగాళాఖాతం ఐదు నుంచి ఎనిమిది సెకన్ల కాలంతో నేలను నిరంతరం ఊపుతుంది. నైరుతి రుతుపవనాల్లో, తుఫానులప్పుడు ఇది బాగా పెరుగుతుంది. దీన్ని తప్పించాలంటే 0.5 నుంచి 2 హెర్ట్జ్ మధ్య ఫిల్టరు వేయండి. లోతు భూకంపానికి ఈ ఫిల్టరు బాగా నప్పుతుంది. తరంగాన్ని ఎక్కువగా పీల్చే పైమాంటిల్ మెత్తటి పొరను దాని పి తరంగం ఒక్కసారే దాటుతుంది కాబట్టి ఒక సెకను కాలపు శక్తి మిగిలే ఉంటుంది. బ్రాడ్‌బ్యాండ్ ఉంటే 20 నుంచి 100 సెకన్ల కిటికీలో కూడా చూడండి.

ఇది లోతు భూకంపమని రికార్డు చూసి ఎలా చెప్పాలి?

మూడు గుర్తులు. మొదటిది, పి తరంగం మొన తేలి స్పష్టంగా ఉంటుంది. రెండోది, చివర వచ్చే పొడవాటి ఉపరితల తరంగాలు చాలా బలహీనం. అందుకే ఉపరితల తరంగాలతో లెక్కేసే పాత మాగ్నిట్యూడ్ లోతు భూకంపాన్ని తక్కువ చేసి చూపుతుంది. మొమెంట్ మాగ్నిట్యూడే వాడండి.

మూడోదే అసలైనది. భూకంపం నుంచి పైకి బయల్దేరిన పి తరంగం దాని పైనున్న నేలకు తగిలి తిరిగి కిందికి దిగి మన దగ్గరికి ఆలస్యంగా వస్తుంది. ఇక్కడ లోతు తరంగం అంటున్నది దాన్నే, చిన్న పి, పెద్ద పి అని రెండక్షరాలతో (pP) రాస్తారు. నేరు పి తరంగానికీ దీనికీ మధ్య వ్యవధి లోతును నేరుగా చెబుతుంది. ఫ్లోరెస్ సముద్రంలో 590 కిలోమీటర్ల లోతున వచ్చినదానికి శ్రీకాకుళం 46 డిగ్రీల దూరం (భూమి కేంద్రం దగ్గర కొలిచే కోణం). పి తరంగం సుమారు ఏడున్నర నిమిషాలకు, లోతు తరంగం దాని తర్వాత సుమారు ఒకటి ముప్పావు నిమిషానికి వస్తాయి. 100 కిలోమీటర్ల లోతైతే ఈ వ్యవధి ఇరవై సెకన్ల పైచిలుకే. ఇక్కడ మీ గడియారం తప్పినా లోతు లెక్క తప్పదు, ఎందుకంటే మీరు తీసుకునేది తేడాను మాత్రమే.

జాగ్రత్త ఒకటి. సుమారు అదే వేళకు భూగర్భ కేంద్రం మీద పడి తిరిగొచ్చే తరంగం కూడా రావచ్చు. టౌపీ ప్రోగ్రాంలో దూరం, లోతు ఇచ్చి అన్ని తరంగాల రాక సమయాలు తీసి, రికార్డు మీద గీతలు గీసుకున్నాకే పేరు పెట్టండి.

ఫిజీ భూకంపానికి పి తరంగమే కనిపించలేదు. పరికరం పాడైందా?

పాడవలేదు. ఫిజీ మనకు దాదాపు 103 డిగ్రీల దూరం. అక్కడికి భూగర్భ కేంద్రపు నీడ మొదలవుతుంది, నేరు పి తరంగం అంచు వెంట వంగి బలహీనంగా వస్తుంది. తర్వాత వచ్చే తరంగాలను చూడండి.

టెక్కలి క్వారీ పేలుడును భూకంపమనుకునే ప్రమాదం ఉందా?

దూరపు లోతు భూకంపంతో పొరపడే వీలు లేదు. పేలుడు కొన్ని సెకన్లలో అయిపోతుంది, 2 హెర్ట్జ్ పైన బలంగా ఉంటుంది, పని వేళల్లోనే వస్తుంది. దగ్గరి చిన్న భూకంపంతో మాత్రం పొరపడవచ్చు.

కౌంట్లను మైక్రాన్లలోకి ఎలా మార్చాలి?

పరికరం ఇచ్చే అంకెలు కౌంట్లు, అవి నేల వేగానికి అనుపాతం. అబ్స్‌పై అనే పైథాన్ లైబ్రరీలో వరుస ఇది: సగటు తీసేయడం, వాలు తీసేయడం, రెండు చివరలు ఐదు శాతం చొప్పున నెమ్మదిగా సున్నాకు తేవడం, పరికర స్పందన ఫైలుతో భాగించి జరుగుబాటుగా మార్చడం. చివరి మెట్టులో ముందస్తు ఫిల్టరు హద్దులు ఇవ్వకపోతే పని చెడుతుంది. 4.5 హెర్ట్జ్ జియోఫోన్ రికార్డును వంద సెకన్ల దాకా సాగదీస్తే, అక్కడ సిగ్నలే లేదు కాబట్టి ఎలక్ట్రానిక్ రొద వేల రెట్లు పెరిగి పెద్ద నెమ్మది అలలా కనిపిస్తుంది. దాన్ని భూకంపమని రిపోర్టులో పెట్టేస్తుంటారు. జియోఫోన్‌కు కింది హద్దు 0.3 నుంచి 0.5 హెర్ట్జ్, 120 సెకన్ల సెన్సారుకు 0.005 నుంచి 0.01 హెర్ట్జ్ మధ్య పెట్టండి.

జరుగుబాటు గీత చివర సున్నాకు రాలేదు. శాశ్వత జరుగుబాటు దొరికినట్టేనా?

దాదాపు ఎప్పుడూ కాదు. సెన్సారు అతి కొద్దిగా ఒరిగినా గురుత్వంలో ఒక భాగం అడ్డ దిశలో పడి, సమాకలనంలో పెద్ద వాలుగా మారుతుంది. అలాగని నెమ్మది కదలికను తీసేసే హై-పాస్ ఫిల్టరు వేస్తే నిజమైన శాశ్వత జరుగుబాటు కూడా చెరిగిపోతుంది. 1994 జూన్ 9 బొలీవియా భూకంపం (8.2, లోతు సుమారు 630 కిలోమీటర్లు) పైనే అప్పట్లో బ్రాడ్‌బ్యాండ్ సీస్మోమీటర్లు ఉండడంతో కొన్ని మిల్లీమీటర్ల శాశ్వత జరుగుబాటును వాటి రికార్డుల్లోంచి రాబట్టగలిగారు. దగ్గర ఉండడం, భూకంపం పెద్దది కావడం, మోడల్ లెక్కతో సరిచూడడం, మూడూ కలిస్తేనే అది సాధ్యం.

## శాశ్వత జరుగుబాటును కొలవడం

జీపీఎస్ తప్పు మీటర్లలో ఉంటుంది కదా, మిల్లీమీటర్లు ఎలా కొలుస్తారు?

ఫోన్ జీపీఎస్ వేరు, సర్వే జీపీఎస్ వేరు. రెండు పౌనఃపున్యాల వాహక తరంగ దశను రోజంతా నమోదు చేసి, ఖచ్చితమైన ఉపగ్రహ కక్ష్యలతో లెక్కేస్తే రోజుకో స్థానం వస్తుంది. అడ్డంగా రెండు మూడు మిల్లీమీటర్లు, నిలువుగా ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల చెదురు ఉంటుంది. మన తీరం లాంటి తేమ గాలిలో నిలువు దిశ ఇంకా కష్టం. సర్వే ఆఫ్ ఇండియా దేశమంతా వెయ్యికి పైగా శాశ్వత స్టేషన్లు నడుపుతోంది. విదేశీ స్టేషన్ల రోజువారీ స్థానాలు నెవాడా జియోడెటిక్ లేబొరేటరీ నుంచి ఉచితంగా దొరుకుతాయి.

భూకంపానికి ముందూ వెనకా తేడా తీస్తే చాలా?

తేడా తీయడం ఆఖరి పని. ముందు నేల మామూలు నడకను తీసేయాలి. హైదరాబాద్ స్టేషను భూకంపం ఏదీ లేకుండానే ఈశాన్యానికి ఏడాదికి ఐదు సెంటీమీటర్ల పైన జరుగుతుంది. వానాకాలంలో నీటి బరువుకు నేల మిల్లీమీటర్లలో కుంగి మళ్ళీ లేస్తుంది. కాబట్టి కనీసం రెండేళ్ళ డేటాకు సరళ వేగం, ఏడాది చక్రం, ఆరునెలల చక్రం, భూకంపం రోజున ఒక మెట్టు, పెద్ద భూకంపమైతే తర్వాతి నెమ్మది జరుగుబాటుకు లాగరిథమ్ పదం, అన్నీ కలిపి ఒకేసారి అమర్చండి. భూకంపం రోజు స్థానాన్ని వదిలేయండి, అందులో ముందూ వెనకా కలిసిపోయి ఉంటాయి.

రోజు చెదురు 2.5 మిల్లీమీటర్లైతే, చెరో పది రోజుల సగటుల తేడాలో అనిశ్చితి దాదాపు 1.1 మిల్లీమీటర్లు. రోజులు పెంచుతూ పోతే అది అదే నిష్పత్తిలో తగ్గదు, ఎందుకంటే జీపీఎస్ రొద రోజుకు రోజు సంబంధం లేనిది కాదు. యాంటెన్నా మార్చిన తేదీలు కూడా చూడండి, అవీ మెట్లే.

పొరుగు స్టేషన్ల సగటు తీసేస్తే రొద తగ్గుతుందని చదివాం. తీసేయమంటారా?

లోతు భూకంపానికి తీసేయకండి. ఈ ఒక్క మెట్టు దగ్గరే ఎక్కువ పని పాడవుతోంది కాబట్టి వివరంగా చెబుతాం. భూకంపం లోతు ఎంతో, నేల మీద జరుగుబాటు పరుచుకునే వెడల్పు దాదాపు ఆ స్థాయిలో ఉంటుంది. 20 కిలోమీటర్ల లోతు భూకంపానికి వంద కిలోమీటర్ల అవతలి స్టేషను కదలదు, అది ఆధారంగా పనికొస్తుంది. 600 కిలోమీటర్ల లోతుకు ఆ ప్రాంతపు స్టేషన్లన్నీ దాదాపు ఒకే దిశలో, దాదాపు ఒకే కొలతలో జరుగుతాయి. సగటు తీస్తే మీరు తీసేసింది రొదను కాదు, భూకంపాన్నే. పక్క ఊరి బేస్ స్టేషను ఆధారంగా తీసే ఆర్‌టీకే కొలతకు కూడా ఇదే గతి. ప్రతి స్టేషనుకూ విడిగా ప్రపంచ ఆధార చట్రంలో స్థానం లెక్కించే పద్ధతి వాడండి. సగటు తప్పదనుకుంటే భూకంపం నుంచి రెండు వేల కిలోమీటర్ల అవతలి స్టేషన్లనే అందులో చేర్చండి.

నైసార్ ఉపగ్రహం ఉంది కదా, రాడార్ చిత్రంతో చూడలేమా?

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్ 24 సెంటీమీటర్ల తరంగంతో పన్నెండు రోజులకొకసారి అదే నేలను చూస్తుంది. లోతు తక్కువ భూకంపాలకు, గనుల కుంగుబాటుకు అది గొప్ప సాధనం. లోతు భూకంపపు జరుగుబాటు మాత్రం చిత్రం వెడల్పు కన్నా పెద్దది, ఎత్తు సెంటీమీటరు. ఒక చిత్రంలో అది మెల్లటి వాలుగా కనిపిస్తుంది. గాలి తేమ, కక్ష్య తప్పు కూడా సరిగ్గా అలాంటి వాలులే పెడతాయి. పైగా చాలా లోతు భూకంపాలు సముద్రం కింద వస్తాయి.

భూకంపం అయిపోయాక కూడా నేల జరుగుతుందా?

జరుగుతుంది. 2018 ఆగస్టు 19 ఫిజీ భూకంపం (8.2, లోతు సుమారు 600 కిలోమీటర్లు) తర్వాత ఆ దీవుల జీపీఎస్ స్టేషన్లు చాలా కాలం నెమ్మదిగా జరగడం కొలిచారు. దాన్ని వివరించడానికి పైమాంటిల్ అడుగున, 660 కిలోమీటర్ల సరిహద్దు దగ్గర పలుచటి మెత్తని పొర ఉందని 2023లో ప్రకటించారు. ఇలాంటి పనికి 2018 సెప్టెంబరు 6న అక్కడే వచ్చిన 7.9 భూకంపపు మెట్టును విడిగా అమర్చాలి. లేకపోతే అది నెమ్మది జరుగుబాటులో కలిసిపోయి జిగట లెక్క తప్పుతుంది.

## మోడల్ కట్టడం

ఒకాడా సూత్రం వాడొచ్చా?

మొదటి అంచనాకు వాడవచ్చు. పగులు జారుడు నుంచి నేల జరుగుబాటును లెక్కించే 1985 నాటి ఒకాడా సూత్రం భూమిని అంతులేని చదునైన, లోతంతా ఒకే గుణం ఉన్న దిమ్మగా తీసుకుంటుంది. 10, 20 కిలోమీటర్ల లోతుకు అది బాగానే పనిచేస్తుంది. 600 కిలోమీటర్లకు రెండు లోపాలు పైకి తేలతాయి. భూమి గోళం కాబట్టి దూరాలు, కోణాలు మారతాయి. పైకి వచ్చేకొద్దీ రాయి మెత్తబడుతుంది కాబట్టి పైన జరుగుబాటు దిమ్మ లెక్కకు భిన్నంగా ఉంటుంది. నివేదికలో పెట్టే తుది అంకెకు పొరల గోళ మోడల్ వాడండి.

నా మోడల్ అసలు కొలతకు నాలుగు రెట్లు ఇస్తోంది. ఎక్కడ తప్పు?

సరిగ్గా నాలుగు రెట్ల దగ్గర ఉంటే దృఢతా గుణకం చూడండి. పాఠ్యపుస్తకాల్లో 30 గిగాపాస్కల్ అని ఉంటుంది, అది భూపటలం విలువ. భూమి లోపలి గుణాల ప్రామాణిక మోడల్ ప్రెమ్ ప్రకారం 600 కిలోమీటర్ల లోతున సాంద్రత ఘనపు సెంటీమీటరుకు దాదాపు 4 గ్రాములు, ఎస్ తరంగ వేగం సెకనుకు దాదాపు 5.5 కిలోమీటర్లు. వేగం వర్గాన్ని సాంద్రతతో గుణిస్తే 120 గిగాపాస్కల్. ఒకాడా సూత్రంలో దృఢత నేరుగా కనిపించదు, జారుడును మొమెంట్ నుంచి రాబట్టేటప్పుడు వస్తుంది. 8.2 మాగ్నిట్యూడ్, 40 × 40 కిలోమీటర్ల పగులు తీసుకోండి. 120తో జారుడు దాదాపు 13 మీటర్లు, 30తో 50 మీటర్లు దాటుతుంది. నేల మీది జరుగుబాటు జారుడుకు అనుపాతం కాబట్టి ఆ తప్పు అలాగే పైకి వస్తుంది.

ఏ ప్రోగ్రాం వాడాలి? మామూలు ల్యాప్‌టాప్ చాలా?

చాలావాటికి చాలు. తరంగ రాక సమయాలకు టౌపీ. శాశ్వత జరుగుబాటుకు, చదును పొరలతో పీఎస్‌గ్రన్-పీఎస్‌సీఎంపీ, గోళాకార పొరలతో క్యూఎస్‌ఎస్‌పీ. పూర్తి తరంగ రూపానికి ముందే లెక్కేసి పెట్టిన గ్రీన్ ప్రమేయాల భాండారం నుంచి తీసే ఇన్‌స్టాసీస్. ఇవన్నీ ఉచితం. త్రిమితి భూమి మోడల్‌తో స్పెక్‌ఫెమ్ నడపాలంటేనే పెద్ద కంప్యూటరు కావాలి. పగులు దిశ, వాలు, మొమెంట్ విలువలను గ్లోబల్ సీఎంటీ జాబితా నుంచి తీసుకోండి. యూనిట్లు చూసుకోండి, ఆ జాబితా డైన్-సెంటీమీటర్లలో ఇస్తుంది, న్యూటన్-మీటరుకు కోటి రెట్లు.

మోడల్ సరిపోయిందని ఎప్పుడు చెప్పాలి?

ప్రతి స్టేషనుకూ కొలతలోంచి మోడల్ తీసేసి, మిగిలినదాన్ని దాని అనిశ్చితితో భాగించండి. ఎక్కువ భాగం రెండు లోపు, దిశల్లో వరుస లేకుండా చెల్లాచెదురుగా ఉంటే సరిపోయినట్టు. మిగిలిన బాణాలన్నీ ఒకే వైపు చూస్తుంటే ఆధార చట్రం గాని లోతు గాని తప్పింది.

శాశ్వత జరుగుబాటుతో తేల్చలేనివి కూడా ఉన్నాయి. 600 కిలోమీటర్ల పైనుంచి చూస్తే 40 కిలోమీటర్ల పగులు ఒక బిందువే. జారుడు పగులు మీద ఎక్కడ ఎక్కువో, రెండు సంభావ్య తలాల్లో ఏది నిజంగా విరిగిందో జీపీఎస్ చెప్పదు. మొత్తం మొమెంట్, స్థూల దిశ మాత్రమే చెబుతుంది. తలం తేల్చాలంటే వేర్వేరు దిశల స్టేషన్లలో పి తరంగపు నిడివి ఎలా మారుతోందో చూడాలి. ఒక స్టేషనుకు వంద పెట్టెల జారుడు పటం గీసి రంగులు వేస్తే అందంగా ఉంటుంది, కానీ అందులో సమాచారం లేదు.

మా కాలేజీలో పరికరం ఏదీ లేదు. ప్రాజెక్టుగా ఏం చేయగలం?

2013 ఒఖోత్స్క్ భూకంపం తీసుకోండి. పెద్దది, డేటా అందుబాటులో ఉంది. నెవాడా లేబొరేటరీ నుంచి కమ్చట్కా, సఖాలిన్, ఉత్తర జపాన్‌లలో పది స్టేషన్ల రోజువారీ స్థానాలు 2011 నుంచి 2015 దాకా దించుకోండి. ఉత్తర జపాన్ స్టేషన్ల మీద 2011 మార్చి తోహోకు భూకంపం తర్వాతి నెమ్మది జరుగుబాటు ఇంకా నడుస్తుంటుంది, దానికి లాగరిథమ్ పదం పెట్టకపోతే మెట్టు తప్పు వస్తుంది. మెట్లు రాబట్టాక ముందు చేతిలెక్కతో, తర్వాత ఒకాడాతో, ఆ తర్వాత క్యూఎస్‌ఎస్‌పీతో పోల్చండి. మూడింటి తేడాలే మీ నివేదిక. పక్కనే హైదరాబాద్ హెచ్‌వైబీ, శ్రీలంకలోని పల్లెకెలె స్టేషన్ల తరంగ రికార్డులు తెచ్చి లోతు తరంగాన్ని గుర్తించి 600 కిలోమీటర్ల లోతు మీరే రాబట్టండి. ముగ్గురు విద్యార్థులకు ఒక సెమిస్టరు పని. మొదటి నెలంతా ఫైళ్ళ రూపాలు, యూనిట్లు, కాలాలు సరిచేయడానికే పోతుంది, కాబట్టి దించుకోవడం మొదటి వారంలోనే మొదలుపెట్టండి.